విమానం పోయేదాకా ఆగే లైబ్రరీ

లైబ్రరీ ఉద్యోగంలో ఎందుకు చేరానో నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లతో పుస్తకాలంటే ఇష్టమని అన్నాను. అది నిజమే. కానీ అసలు కారణం గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉన్న బోర్డు: నిశ్శబ్దం పాటించండి. మనుషులు మాట్లాడకూడదని రాసిపెట్టి, పైగా కూర్చున్నందుకు జీతం ఇచ్చే చోటు ఒకటి ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం డైరీలో ఒక పేజీ నిండా ఉంది.

మాట కన్నా రాత నయం అనుకునే మనిషిని నేను. ఇంటికి చుట్టాలు వస్తే మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లి, నీళ్లు అమ్మ చేతికిచ్చి అక్కడే ఉండిపోయేదాన్ని. "మీ పిల్లకు మాటలు రావా?" అని ఎవరో అడిగితే మా అమ్మ, "వస్తయ్, దాచుకుంటది" అంది. అంతకంటే బాగా నా గురించి ఎవరూ చెప్పలేదు.

మాది మంఖాల్. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు గాలిని బట్టి దిక్కు మార్చుకుంటూ, చాలా రోజులు మా ఇళ్ల మీదుగానే దిగుతాయి. కొత్తలో ఊళ్లోవాళ్లు విమానం మీద గెలవాలని అరిచి మాట్లాడేవారట. గొంతులు పోయాయి తప్ప ఎవరి మాట ఎవరికీ అందలేదు. ఇక ఆగడం నేర్చుకున్నారు. నాకు ఊహ తెలిసేసరికి అది ఊరి అలవాటైపోయింది. విమానం నెత్తి మీదికి రాగానే ఎక్కడి మాట అక్కడే ఆగుతుంది. చెయ్యి గాల్లో ఉంటే గాల్లోనే, నోరు తెరిచి ఉంటే తెరిచే. విమానం పోయాక ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలు. "ఇంతకీ ఏమన్నావు?" అని ఎవరూ అడగరు.

పెళ్లిలో అయ్యగారు మంత్రం మధ్యలో ఆగుతారు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉంటాడు. మా అమ్మా పక్కింటి పెద్దమ్మా పంపు దగ్గర కొట్లాడుకుంటే, "నీ నోట్ల—" అని మా అమ్మ ఆగేది. ఇద్దరూ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూసేవారు. చప్పుడు సద్దుమణగగానే "—మన్ను వడ!" అని మిగతా సగం వచ్చేది. వెంటవెంటనే రెండు విమానాలు దిగాయంటే మాత్రం కొట్లాట చల్లారిపోయి, బిందెలు నింపుకుని ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయేవారు.

మా లైబ్రరీ పాత పంచాయతీ ఆఫీసు పక్కన రెండు గదులు. ఒక గదిలో పేపర్లు, ఒక గదిలో పుస్తకాలు. బాధ్యురాలిని, ఊడ్చేదాన్ని, తాళం వేసేదాన్ని అన్నీ నేనే. రోజూ వచ్చేవాళ్లలో ఇద్దరు నాకు దగ్గరివాళ్లు. ఒకరు దర్జీ చాచా. మా ఊరి సగం పెళ్లిళ్ల జాకెట్లు ఆయన మిషన్ మీద కుట్టినవే. ఇప్పుడు చూపు తగ్గి మిషన్ కొడుకుకి ఇచ్చేశారు. పేపరు ముందేసుకుని పెద్ద అక్షరాలు మాత్రం చదివి, కింద చిన్న అక్షరాల్లో ఏముందో పక్కవాళ్లను అడిగేవారు. రెండోది, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకునే అమ్మాయి. వాళ్ల నాన్నది లైబ్రరీకి ఎదురుగా పంక్చర్ షాపు. టైరు విప్పుతూ తలెత్తితే కిటికీలోంచి కూతురు కనిపిస్తుంది. అందుకే ఆ పిల్లను చదువుకోనిస్తున్నాడు.

ఈ అమ్మాయిది నాకు పూర్తిగా వ్యతిరేకమైన తీరు. ఆమె మాట రెండు గదులు దాటి రోడ్డు మీద వినబడుతుంది. నేను బోర్డు వైపు వేలు చూపిస్తే, "పోలీసోళ్లకు గా బోర్డు వర్తించదు అక్కా" అనేది.

అట్లా సాగుతుండగా పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. చిన్న లైబ్రరీలు చూసుకునేవాళ్లందరికీ శిక్షణ. దాని పేరు "డిజిటల్ యుగంలో గ్రంథాలయ నాయకత్వం". నాయకత్వం అన్న మాట చూడగానే దాన్ని మడిచి పెట్టేయబోయాను. కిందనే అసలు సంగతి ఉంది. శిక్షణ చివర్లో పరీక్ష ఉంటుంది. గట్టెక్కిన లైబ్రరీకి కంప్యూటర్ల గది వస్తుంది. గట్టెక్కని చోట పేపర్లు మాత్రమే ఉంచి, పుస్తకాలను శంషాబాద్‌లోని పెద్ద లైబ్రరీకి తరలిస్తారు.

నేను ఎవరికీ చెప్పకముందే ఆ అమ్మాయికి తెలిసిపోయింది. నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, పుస్తకాలు శంషాబాద్ పోతే నేను యాడ చదవాలె? మా బాపు బస్సు ఎక్కనిస్తడా?"

"పోవులే" అన్నాను.

"ఎట్ల పోవు? నువ్వు మాట్లాడాలె గద అక్కడ!"

ఆమె గొంతులో మొదటిసారి భయం వినబడింది. పుస్తకం సర్దుతున్నట్టు నటించాను.

శిక్షణ ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఒక పెద్ద భవనంలో. ఏసీ హాలు, కుర్చీలకు తెల్ల ముసుగులు, ప్రతి బల్ల మీదా చిన్న నీళ్ల బాటిళ్లు. కందుకూరు నుంచి, బాలాపూర్ నుంచి, ఇంకా చుట్టుపక్కల ఊళ్ల నుంచి లైబ్రరీవాళ్లు వచ్చారు. శిక్షణ ఇచ్చే మేడమ్‌ది కోస్తా వైపు మాట. శుభ్రంగా, ప్రతి అక్షరం విడివిడిగా మాట్లాడతారు.

"అందరూ మీ పేరు, ఊరు, మీ లైబ్రరీ గురించి ఒక మంచి మాట చెప్పండి" అన్నారు.

ఒక్కొక్కరే లేచి చెప్పారు. ఆమెకు ఒక్కటీ వినబడలేదు. మేమంతా ఏళ్ల తరబడి గుసగుసల్లో బతికినవాళ్లం కదా! వంగి, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, పక్కన ఎవరో చదువుకుంటున్నట్టు మాట్లాడారు. మైకు ఇచ్చినా అంతే. మైకులోంచి పెద్ద గుసగుస వచ్చింది.

"కాస్త గట్టిగా చెప్పండి! ఏమిటండీ ఇది, ఎవరైనా నిద్రపోతున్నారా?" అన్నారు మేడమ్.

నా పక్క కుర్చీలో కందుకూరు లైబ్రరీ అన్న. యాభై దాటిన మనిషి, నవ్వించడం తెలిసినవాడు. "మేడమ్, మేమందరం నోర్లు మూయించే నౌకరి చేసేటోళ్లం. ఇప్పుడు నోరు తెరువుమంటే యాడికెళ్లి తెరుస్తం?" అన్నాడు. అది కూడా గుసగుసగానే.

నా వంతు వచ్చింది. ఆ హాలు కిటికీలకు రెండు పొరల అద్దాలు. దిగే విమానాలు కనిపిస్తాయి, చప్పుడు మాత్రం లోపలికి రాదు. "నేను మంఖాల్ లైబ్రరీలో—" అన్నాను. అద్దంలో విమానం కనిపించింది. ఆగిపోయాను. చప్పుడు లేని విమానానికి కూడా నా నోరు మర్యాద ఇచ్చింది.

హాలంతా నా వైపు చూసింది. మేడమ్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "భయపడకమ్మా, అందరం మనవాళ్లమే" అన్నారు. ఇది భయం కాదు, మా ఊరి అలవాటు అని చెప్పాలంటే ఇంకో నాలుగు వాక్యాలు మాట్లాడాలి. భయం అనుకుంటేనే నయం అనిపించి కూర్చున్నాను.

"ఏంది చెల్లె, మాట గొంతుల ఇరుక్కున్నదా?" అన్నాడు కందుకూరు అన్న, తన నీళ్ల బాటిల్ నా వైపు జరుపుతూ.

కంప్యూటర్ పాఠాలు మాత్రం నాకు పండగే. పుస్తకాల పేర్లన్నీ ఎట్లా ఎక్కించాలి, ఇంట్లో కూర్చున్నవాళ్లు ఫోన్‌లోనే పుస్తకం ఎట్లా తీసుకోవచ్చు, ఫోన్‌లో వచ్చిన వార్త నిజమో కాదో ఎట్లా చూసుకోవాలి. మాట్లాడాల్సిన పని లేకుండా మెదడు పరుగెత్తే చదువు అది. నాయకత్వం పాఠాల్లోనే చిక్కంతా. మీ లైబ్రరీ రేపు ఎలా ఉండాలో రంగు కాగితం మీద రాసి గోడకు అతికించమన్నారు. కందుకూరు అన్న "ఫ్యాను రిపేరు" అని రాశాడు.

"ఇది విజన్ కాదండీ" అన్నారు మేడమ్.

"ఎండకాలం మా లైబ్రరీల ఒక్క గంట కూసోండ్రి మేడమ్. మీకూ గదే విజన్ వస్తది."

నేను "చాచా చిన్న అక్షరాలు చదవాలి" అని రాసి, పక్కనున్న కాగితాల కింద కనబడకుండా అతికించాను. మేడమ్ దాన్ని పైకి లాగి చదివారు. "చాచా ఎవరు?" అని అడిగారు. "మా రీడర్" అన్నాను. అంతటితో ఆ సంభాషణ ముగిసింది. కానీ ఆ కాగితాన్ని ఆమె తన ఫైల్లో పెట్టుకోవడం చూశాను.

పరీక్ష ఏమిటంటే, ఎవరి లైబ్రరీలో వాళ్లు రీడర్లను కూర్చోబెట్టుకుని, కొత్తగా ఒక డిజిటల్ పని నేర్పించాలి. మేడమ్, ఇంకో ఇద్దరు అధికారులు వీడియోలో చూస్తారు.

మా కాబోయే కానిస్టేబుల్ నాకు తర్ఫీదు మొదలుపెట్టింది. నా కుర్చీలో కాలు మీద కాలేసుకుని అధికారిలా కూర్చునేది. నేను ఎదురుగా నిలబడి చెప్పాలి.

"గట్టిగ అక్కా! నువ్వు చెప్తున్నవా, చెవుల దోమ పాడుతున్నదా?"

మళ్లీ చెప్పేదాన్ని.

"ఇప్పుడు రెండు దోమలు."

చాచా పేపరు వెనకాల నుంచి నవ్వేవారు. అయినా వారం తిరిగేసరికి నా గొంతు గది చివరిదాకా వెళ్లడం నేర్చుకుంది.

పరీక్ష రోజు గది నిండింది. పంక్చర్ షాపాయన కూడా చేతులు తుడుచుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఫోను స్టాండు మీద నిలబెట్టాం. తెరలో ముగ్గురి ముఖాలు. శిక్షణలో నాకిచ్చిన ట్యాబ్ చాచా చేతికిచ్చాను. అందులో ఆ రోజు పేపరు తెరిచి ఉంది.

"చాచా, చిన్న అక్షరాల మీద రెండు వేళ్లు పెట్టండి. ఇప్పుడు వేళ్లను విడదీయండి, బట్ట సాపు చేసినట్టు."

చాచా జాగ్రత్తగా వేళ్లు జరిపారు. అక్షరాలు పెరిగాయి. ఆయన ఇంకా జరిపారు. ఇంకా పెరిగాయి.

"అరె బేటీ, గుండీలంత అయినయ్! కోటు గుండీలంత!"

గదంతా నవ్వింది. తెరలో మేడమ్ నవ్వారు. నా ఒంట్లోకి ఎక్కడి నుంచో ధైర్యం వచ్చింది. చెయ్యి పైకెత్తి, అందరి వైపు తిరిగి, "ఇట్లాగే మన లైబ్రరీ పుస్తకాలన్నీ మీ ఫోన్‌లోనే—" అన్నాను.

విమానం వచ్చింది.

నా చెయ్యి గాల్లో ఆగింది. చాచా రెండు వేళ్లు తెర మీద ఆగాయి. అమ్మాయి ముందుకు వంగినది వంగినట్టే ఉంది. గుమ్మంలో వాళ్ల నాన్న తుడుచుకుంటున్న గుడ్డ చేతుల మధ్య ఆగింది. విమానం పెద్దది, తాపీగా దిగింది. పోగానే నేను "—చదువుకోవచ్చు" అని, ఆ ఊపులోనే ఇంకో రెండు మాటలు చెప్పి తెర వైపు తిరిగాను.

తెరలో ఎవరూ లేరు.

కాసేపటికి శిక్షణ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మంఖాల్‌లో నెట్ సరిగా లేదు, బొమ్మ ఆగిపోతోంది, సెషన్ పూర్తి కాలేదు, తర్వాతి లైబ్రరీకి వెళ్తున్నాం. నెట్ లేని చోట కంప్యూటర్ల గది కుదరదని శిక్షణలోనే చెప్పారు.

"నెట్ మంచిగనే ఉన్నది గద?" అంది అమ్మాయి, ఫోను అటూ ఇటూ తిప్పి చూసి. తర్వాత ఆమెకు అర్థమైంది. చాచాకు అర్థమైంది. మేమంతా బొమ్మల్లా ఆగిపోతే, విమానం హోరు వాళ్లకు లైన్లో గరగరలా వినబడితే, అక్కడ కూర్చున్నవాళ్లు ఇంకేమనుకుంటారు!

మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. "మేడమ్, నెట్ ఆగలేదు, మేమే ఆగాము" అని రాశాను. చదువుకుంటే నాకే పిచ్చి మాటలా ఉంది. చెరిపేశాను. మళ్లీ రాశాను, మళ్లీ చెరిపేశాను.

"రాసుడు బంజెయ్ అక్కా" అంది అమ్మాయి. ఈసారి ఆమె వెక్కిరించలేదు. "ఫోన్ చెయ్యి. జర."

నేను గ్యాస్ బుకింగ్‌కు కూడా ఫోన్ చెయ్యను, మా తమ్ముడితో చేయిస్తాను. అయినా మేడమ్ నంబరు నొక్కాను. గది మొత్తం నన్నే చూస్తోంది.

"చెప్పండమ్మా."

"మేడమ్, నేను మంఖాల్ నుంచి. మా దగ్గర నెట్ బాగానే ఉంది. అసలు ఏమైందంటే—"

ఇంకో విమానం. పాడు విమానం. నా నోరు అలవాటుగా మూతపడింది.

"హలో? హలో? అమ్మా, లైన్లో ఉన్నారా? సిగ్నల్ లేనట్టుంది" అంటున్నారు అవతల నుంచి. "సరే, తర్వాత చూ—"

ఊహ తెలిసినప్పటి నుంచి నేను విమానం మీద గొంతు లేపలేదు. మా ఊళ్లో నా ఈడువాళ్లు ఎవరూ లేపలేదు. ఎదురుగా అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనకాల పుస్తకాల బీరువాలు.

"మేడమ్, పెట్టేయకండి!" అని అరిచాను. "సిగ్నల్ ఉంది! నెట్ ఉంది! విమానం పోతోంది! విమానం వస్తే మా ఊళ్లో అందరం ఆగుతాం! పోయాక మాట్లాడతాం! నమ్మకపోతే మీరే వచ్చి చూడండి!"

చివరి మాట అరిచేసరికి విమానం వెళ్లిపోయింది. "చూడండి" అన్నది ఒక్కటే నిశ్శబ్దంలో గంటలా మోగింది. వెనక నుంచి చాచా వేలు గోడ మీది ఎర్ర బోర్డు వైపు చూపిస్తూ, "బేటీ! సైలెన్స్!" అన్నారు.

ఈసారి అవతలివాళ్లే ఆగారు.

"గురువారం వస్తాను" అన్నారు మేడమ్.

వచ్చారు. ముందు నెట్ చూసుకున్నారు, తనే సినిమా పాట ఒకటి పెట్టి ఆగకుండా వస్తోందని తేల్చుకున్నారు. తర్వాత పేపర్ల గదిలో చాచా పక్కన కుర్చీ వేసుకున్నారు. చాచా ట్యాబ్‌లో వాతావరణం వార్త పైకి చదువుతున్నారు. "రేపు, ఎల్లుండి భారీ—" అని ఆగారు.

మేడమ్ మాత్రం నన్నేదో అడుగుతూనే ఉన్నారు. ఆమె పెదాలు కదలడం కనిపిస్తోంది. కాసేపటికి తన మాట తనకే వినబడటం లేదని తెలిసి చుట్టూ చూశారు. అందరూ ఎవరి చోట వాళ్లు నిలిచిపోయి ఉన్నారు. కిటికీ అవతల పంక్చర్ షాపాయన గాలి పంపు మీద చేతులతో, నీళ్ల బిందెతో ఒక పెద్దమ్మ, ఆమె ఎదురుగా ఇంకో పెద్దమ్మ.

"—వర్షాలు" అన్నారు చాచా.

మేడమ్ నవ్వడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. "మొదటి రోజు హాల్లో కూడా ఇదేనా?" అని అడిగారు. తల ఊపాను. "మరి చెప్పరేమమ్మా?"

"చెప్పాలంటే మాట్లాడాలి కద మేడమ్" అని నా బదులు అమ్మాయి జవాబిచ్చింది.

ఆమె సాయంత్రం దాకా ఉన్నారు. ఆగిపోయిన పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. రెండో విమానానికి ఆమె కొంచెం ఆలస్యంగా ఆగారు. మూడోదానికి టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని మాతో సమానంగా ఆగారు. అది చూసి చాచా మెచ్చుకుంటూ తల ఊపారు. మేము చెప్పమన్నా, మా పరీక్ష ఏమైందో మాత్రం చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఆమెకు వేరే జిల్లాకు బదిలీ అయింది. మళ్లీ కలవలేదు. కాబట్టి ఆ సాయంత్రం కారు దగ్గర అన్నవే ఆమె నాతో అన్న చివరి మాటలు. నేను ఆమె ఫైలు అందించడానికి బయటికి వెళ్లాను. వెనక కిటికీలో అమ్మాయి ముఖం, చాచా గడ్డం. ఆమె కారు తలుపు తీసి, వేలు పైకెత్తి నా వైపు తిరిగారు.

"మీ పుస్తకాలను శంషాబాద్‌కు—"

ఆగారు. వేలు అట్లాగే ఉంది. నేనూ ఆగాను, ఊపిరితో సహా. ఏ విమానమూ అంత నెమ్మదిగా దిగినట్టు నాకు గుర్తు లేదు. అది ఇళ్ల మీదుగా, పంక్చర్ షాపు మీదుగా, మా రెండు గదుల మీదుగా జారి, రన్‌వే వైపు కనుమరుగైంది.

"—పంపాల్సిన పని లేదని రాస్తున్నాను. కంప్యూటర్లు వస్తాయి, పుస్తకాల గదిలో వాటికి చోటు చేయించి పెట్టుకోండి. ఇంకో మాటమ్మా, ఆ ఎర్ర బోర్డు కాస్త చిన్నది చేయించండి."